ఎండకు ఆగి, చల్లబడితే కదిలే పాత స్పోర్ట్స్ కారు: దాగిన లోపాన్ని పట్టుకునే పద్ధతి

అసలు స్టార్ట్ కాని బండిని బాగుచేయడం తేలిక. లోపం అక్కడే కూర్చుని ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నెలకు నాలుగుసార్లు ఆగి, అరగంట తరువాత ఏమీ ఎరగనట్టు బయలుదేరే బండితోనే చిక్కు. షెడ్డుకు తీసుకెళితే ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లవాడిలా బుద్ధిగా ఉంటుంది. మెకానిక్ రెండు రౌండ్లు తిప్పి, "బాగానే ఉంది కదా సార్" అంటాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ క్షణంలో అది నిజంగానే బాగుంది.

నాది 2001లో రిజిస్టరైన జపాన్ కారు. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజెక్షన్ ఇంజిన్, ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, ఏపీ 36 నంబరు. నాలుగు తలుపులున్నాయి కాబట్టి కాగితాల మీద కుటుంబాల బండి. రెండో గేరులో ఆరువేల ఆర్‌పీఎం దాటించి చూసినవాళ్లు మాత్రం దాన్ని స్పోర్ట్స్ కారనే అంటారు. ఒక మే నెలలో హనుమకొండ నుంచి హైదరాబాదు వెళుతూ స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర టీకి ఆపాను. తిరిగొచ్చి తాళంచెవి తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. అద్దాలు దించి ఇరవై నిమిషాలు కూర్చుంటే అదే లేచింది. ఆ తరువాత నెలన్నరలో మొత్తం తొమ్మిదిసార్లు ఇలాగే. ఈలోగా ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, పెట్రోల్ పంపు, ఫిల్టరు మార్పించాను. పద్నాలుగు వేలు ఖర్చు. చివరికి దొరికింది వెంట్రుకంత పగులు.

ఆ నెలన్నరలో చేసినవి, ముందే చేసి ఉండాల్సినవి కలిపి వరుసగా రాస్తున్నాను. పద్ధతి సారం ఒక్కటే: బండి ఆగి ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే కొలవాలి. బాగా నడుస్తున్నప్పుడు చేసిన పరీక్ష చాలావరకు వృథా.

మొదటి పని: నడిరోడ్డు మీద ఆగితే ఏం చేయాలో తెలిసి ఉండడం

ఇంజిన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది కానీ తిరుగుతుంది. బ్రేకుకు బలమిచ్చే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే సరిపోతుంది, కాబట్టి బ్రేకును పదేపదే కొట్టకుండా ఒక్కసారి గట్టిగా, నిలకడగా తొక్కాలి. కదులుతున్న బండిలో తాళంచెవిని పూర్తిగా వెనక్కి తిప్పకూడదు, స్టీరింగు లాక్ పడుతుంది. జాతీయ రహదారి 163 మీద ఇసుక లారీల మధ్య ఈ మూడూ గుర్తు తెచ్చుకునే వ్యవధి ఉండదు. ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో ఒకసారి సాధన చేయండి.

రెండో పని: నోటుపుస్తకం

దీన్ని దాటేయాలనిపిస్తుంది. నేనూ దాటేశాను, పద్నాలుగు వేలలో పన్నెండు వేలు అందుకే పోయాయి. బండి ఆగిన ప్రతిసారీ ఇవి రాయండి: గంట, ఎండో వానో, ఎంతసేపు నడిపాక, అంతకుముందు ఎంతసేపు ఎక్కడ నిలిపారు, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఏసీ నడుస్తోందా, గుంతలో పడ్డాక ఆగిందా, తిరిగి స్టార్ట్ కావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. చివరిది చాలా ముఖ్యం.

నా తొమ్మిది నమోదుల్లో ఏడు ఒకేలా ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటి గంటకూ అయిదింటికీ మధ్య, ఎండలో అద్దాలు మూసి కనీసం నలభై నిమిషాలు నిలిపాక స్టార్ట్ కాలేదు. మిగతా రెండుసార్లు అలాగే నిలిపి బయలుదేరిన అయిదు నిమిషాల్లోపే నడుస్తూ ఆగింది. రాత్రిపూట ఒక్కసారి కూడా లేదు. పెట్రోలు నిండుగా ఉన్నా, అడుగంటినా తేడా లేదు.

ఈ వివరాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. సాయంత్రం కాజీపేట ట్రాఫిక్‌లో గంటసేపు నడిపితే ఇంజిన్ మధ్యాహ్నం కన్నా తక్కువేమీ వేడెక్కదు. అయినా అప్పుడు ఆగలేదు. మధ్యాహ్నం నిలిపి ఉంచిన బండిలో మిగతా వేళలకన్నా వేడిగా ఉండేది ఇంజిన్ కాదు, లోపలి క్యాబిన్. కాబట్టి అనుమానించాల్సింది బానెట్ కింద ఉన్నవాటిని కాదు, డాష్‌బోర్డు కింద ఉన్నవాటిని: రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్‌లు), ఇగ్నిషన్ స్విచ్, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె. అద్దాలు దించి ఇరవై నిమిషాలు కూర్చుంటే లేవడానికి కారణం కూడా అదే. మే నెలలో 44 డిగ్రీలు తాకే ఊరిలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద చేయి పెట్టలేము. దాని వెనక ఉన్న టంకం అతుకులు ఇరవై ఏళ్లకు పైగా ఆ వేడికి వ్యాకోచిస్తూ, రాత్రికి ముడుచుకుంటూ ఉంటాయి.

మీ నోటుపుస్తకం వేరే కథ చెప్పవచ్చు. వానలో మాత్రమే మిస్సింగ్ వస్తే ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత చూడండి. చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా వాటి మీద సన్నగా నీళ్లు చల్లితే కరెంటు కారే చోట నీలి మెరుపు కనిపిస్తుంది. గుంతల్లో పడినప్పుడే ఆగితే కనెక్టరు లేదా ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ను బండి లోహానికి కలిపే తీగ). పొడవైన ఎక్కుడులో, పూర్తి యాక్సిలరేటర్ మీద బలం తగ్గితే పెట్రోలు చాలడం లేదు.

మూడో పని: పునాది కొలతలు

ఒక మల్టీమీటర్ కావాలి. వందల రూపాయల్లో దొరికేది చాలు. రాత్రంతా నిలిపిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 కిందికి పడిపోకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 వరకు రావాలి. తరువాత ఎర్త్: మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ తీగను విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది బిగించాలి. పాత బండ్లలో సగం దెయ్యాలు ఇక్కడే వదులుతాయి. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ లాంటి ఫైబర్ బాడీ టూ సీటర్ మీ దగ్గరుంటే ఈ పనికి ఒక పూట కేటాయించండి. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి దీపానికైనా మోటారుకైనా ఎర్త్ తీగ వేరుగా వేయాల్సిందే. అంటే తుప్పు పట్టే చోట్లు అన్ని ఎక్కువ.

బ్యాటరీ టెర్మినల్‌ను చేత్తో తిప్పి చూడండి. కదిలితే ముందు దాన్ని బిగించి, నాలుగు రోజులు చూసి, అప్పుడు ఇది చదవడం కొనసాగించండి.

నాలుగో పని: కంప్యూటర్ ఏమంటుందో వినడం

2000 ప్రాంతపు బండ్లలో కొన్నింటికి లోపాల కోడ్లు చదివే ఇప్పటి స్కానర్ తగలదు. చెక్ ఇంజిన్ దీపమే మిణుకుల భాషలో చెబుతుంది. ఉదాహరణకు ఆ తరం హోండాలలో డాష్‌బోర్డు కింద రెండు పిన్నుల సర్వీస్ కనెక్టర్ ఉంటుంది. చిన్న తీగతో ఆ రెండు పిన్నులను కలిపి తాళంచెవి ఆన్ చేస్తే దీపం లెక్కపెట్టినట్టు వెలుగుతుంది. పొడవు మిణుకు పది, పొట్టి మిణుకు ఒకటి. 4, 8, 9 వస్తే డిస్ట్రిబ్యూటర్‌లోని సెన్సర్లు, 15 వస్తే ఇగ్నిషన్ సిగ్నల్, 3 వస్తే మ్యాప్ సెన్సర్ (ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడిని కొలిచేది), 6 వస్తే కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్. కలపాల్సిన పిన్నులేవో సర్వీసు పుస్తకంలో చూసుకుని కలపండి. పక్కనే అలాంటి మరో కనెక్టర్ ఉంటుంది, తొందరలో అది చేతికొస్తుంది.

ఏ కోడూ లేకపోతే నిరాశపడకండి. కంప్యూటర్‌కే కరెంటు పోతే అది ఏ కోడు రాసుకోగలదు? నా బండిలో ఒక్క కోడూ లేదు. అదీ ఒక ఆధారమే అని నాకు ఆలస్యంగా అర్థమైంది.

అయిదో పని: ఆగిన మొదటి రెండు నిమిషాలు

గుండెకాయ ఇదే. బండి ఆగింది, ఇంకా చల్లబడలేదు. బానెట్ ఎత్తకండి. ఏసీ ఫ్యాన్, రేడియో ఆపి, తాళంచెవిని పూర్తిగా వెనక్కి తిప్పి, మళ్లీ ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టకండి. కళ్లు చెక్ ఇంజిన్ దీపం మీద, చెవులు వెనక సీటు వైపు.

దీపం వెలిగి, రెండు సెకన్లకు ఆరి, అదే రెండు సెకన్లు వెనక నుంచి పంపు 'గుయ్' మంటే కరెంటు సరఫరా బాగుంది. స్పార్క్ వైపు వెళ్లండి.

దీపం వెలిగి ఆరింది కానీ పంపు మూగగా ఉంటే మెయిన్ రిలే (పంపుకూ కంప్యూటర్‌కూ కరెంటు ఇచ్చేది), పంపు వైరు, పంపు, ఈ క్రమంలో అనుమానించండి.

దీపం అసలు వెలగకపోతే కంప్యూటర్‌కు కరెంటు చేరడం లేదు. ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, మళ్లీ మెయిన్ రిలే.

పంపు చప్పుడు మంచిరోజుల్లోనే పదిసార్లు విని చెవికి అలవాటు చేసుకోండి. నేను ఆ పని చేయలేదు. ఘన్‌పూర్‌లో లారీల హోరులో అది మోగిందో లేదో చెప్పలేకపోయాను. పంపు బతికే ఉండగా కొత్త పంపు వేయించింది అందుకే. మీతో ఇంకొకరు ఉంటే వెనక సీటు మీద చెవి పెట్టి వినమనండి. మా ఆవిడ రెండోసారికే "మోగలేదు" అని తేల్చేసింది.

స్పార్క్ చూడాలంటే ఒక పాత ప్లగ్గును వైరుకు తగిలించి, దాని లోహపు భాగం ఇంజిన్ లోహానికి గట్టిగా తాకేలా పెట్టి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. ఆ వైరును చేత్తో పట్టుకోకూడదు, వేల వోల్టులుంటాయి. ప్లగ్గు లేకుండా వైరును గాలిలో వదిలి కొట్టించకూడదు, ఇగ్నైటర్ (కాయిల్‌కు కరెంటు కలిపి తెంచే భాగం) మాడిపోవచ్చు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్షే వద్దు. పిట్టుమనే నీలి మెరుపు మంచిది. పలచని నారింజ రంగు అయితే స్పార్క్‌కు వోల్టేజి పెంచే కాయిల్ నీరసం. ఏమీ లేకపోతే ఇగ్నైటర్ లేదా సెన్సర్.

ఆరో పని: రెండు బల్బులు

నడుస్తూ ఆగే బండికి పై పరీక్షలు చాలవు. ఏది ముందు పోయిందో తెలియాలి. నాకు తెలిసిన ఉపాయాల్లో అతి చవకైనదీ, అన్నిటికన్నా నమ్మదగినదీ ఇదే.

డాష్‌బోర్డు మీటర్లలో వాడే చిన్న 12 వోల్టుల బల్బులు రెండు కొనండి. ఒకదానికి ఆకుపచ్చ తొడుగు, ఒకదానికి ఎరుపు. ఆకుపచ్చదాని ఒక తీగను పంపుకు వెళ్లే పాజిటివ్ వైరుకు, ఎర్రదాని తీగను ఇగ్నిషన్ కాయిల్ పాజిటివ్ వైరుకు కలపండి. రెండో కొసలు ఎర్త్‌కు. రెండు కలయికల దగ్గరా ఒక ఆంపియర్ ఫ్యూజు తప్పనిసరి. లేకపోతే లోపం వెతకబోయి మంట తెచ్చుకుంటాం. బల్బులను స్టీరింగ్ పక్కన కనిపించేలా అతికించండి. బండి నడుస్తుంటే రెండూ వెలుగుతుంటాయి.

ఇక ఆగే రోజు కోసం ఎదురుచూడడమే. రెండూ ఒకేసారి ఆరితే ఇగ్నిషన్ స్విచ్ లేదా ప్రధాన ఫ్యూజు. ఆకుపచ్చది ముందు ఆరి, తరువాత ఇంజిన్ తడబడితే రిలే. ఇంజిన్ ఠక్కున చచ్చి, ఒకటి రెండు సెకన్ల తరువాత ఆకుపచ్చది ఆరితే పంపు దోషి కాదు. ఇంజిన్ తిరిగే సిగ్నల్ ఆగిపోతే కంప్యూటరే పంపును ఆపేస్తుంది, ప్రమాదంలో పెట్రోలు చిమ్మకుండా. ఈ వరుస తెలియకే చాలామంది, "పంపుకు కరెంటు లేదు, పంపు లైను పోయింది" అని తప్పుదోవ పడతారు. అసలు పోయింది స్పార్క్.

ఆర్‌పీఎం ముల్లునూ గమనించండి. గేరులో ఉండగా ఆగితే చక్రాలు ఇంజిన్‌ను ఇంకా తిప్పుతూనే ఉంటాయి. అయినా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడితే ఇగ్నిషన్ వైపు లోపం. వేగంతో పాటు మెల్లగా దిగితే పెట్రోలు వైపు.

మడికొండ దాటాక ఒక మధ్యాహ్నం నా ఆకుపచ్చ బల్బు ముందు రెండుసార్లు రెప్ప కొట్టింది. తరువాత ఆరింది. అప్పుడు ఇంజిన్ తడబడింది. ఎర్రది వెలుగుతూనే ఉంది. బండి ఆగిందన్న చిరాకు కన్నా దొరికిందన్న సంతోషమే ఎక్కువ కలిగింది.

ఏడో పని: లోపాన్ని పిలిచి రప్పించడం

అనుమానం ఒకటి రెండు వస్తువుల మీదికి వచ్చాక ఎండ కోసం ఆగనక్కరలేదు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో రిలే పెట్టెను అయిదారు నిమిషాలు వేడిచేయండి. రంగులు ఊడ్చే హీట్ గన్ వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. ఇంజిన్ ఆగితే వెంటనే చల్లని మజ్జిగ ప్యాకెట్టునో, వాటర్ ప్యాకెట్టునో గుడ్డలో చుట్టి రిలేకు ఆనించండి. రెండు నిమిషాల్లో లేస్తే నేరం రుజువైనట్టే. వేడికి ఆగడం ఒక్కటే సాక్ష్యం కాదు, చల్లదనానికి లేవడం కూడా చూడాలి.

తరువాత ఇంజిన్ నడుస్తుండగా వైర్ల కట్టలను ఒక్కొక్కటిగా కదపండి. కనెక్టర్లను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. తాళంచెవిని ఆన్‌లోనే అటూ ఇటూ కొద్దిగా ఆడించండి. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బిళ్ల కలిపి పావుకిలో బరువును ఇగ్నిషన్ స్విచ్‌కు వేలాడదీసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏళ్ల తరబడి ఆ బరువు ఊగితే లోపలి తాళం పళ్లు అరుగుతాయి, వెనక ఉన్న స్విచ్ మీదా ఆ ఊపు పడుతుంది.

ఎనిమిదో పని: రిలే విప్పడం

ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. మెయిన్ రిలే మా బండిలో స్టీరింగ్ కింద ఒక బోల్టుకు వేలాడుతూ ఉంది. అగ్గిపెట్టెకు రెండింతలుంటుంది. పక్కల కొక్కేలు నొక్కితే తొడుగు ఊడుతుంది. హంటర్ రోడ్డులో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ దాన్ని తిరగేసి, గడియారాలు బాగుచేసే భూతద్దం కింద పెట్టి, "ఇది కాలిపోలేదు సార్, అలసిపోయింది" అన్నాడు. చూస్తే లావు పిన్ను ఒకదాని చుట్టూ వెండిరంగు టంకంలో నల్లటి సన్నని వలయం. పిన్నును గోటితో నొక్కితే ఆ వలయం విడిపోతుంది, వదిలితే కలుస్తుంది. మామూలు కంటికి అది నీడలా ఉంటుంది. భూతద్దం లేకుండా చూసి బాగుంది అనుకోవద్దు.

బాగుచేయడం పావుగంట పని. పాత టంకాన్ని పీల్చేసి, టంకం బాగా అంటుకునేలా ఫ్లక్స్ రాసి, 25 నుంచి 40 వాట్ల ఐరన్‌తో కొత్త టంకం పెట్టాలి. పగిలినదానికే కాదు, లావు పిన్నులన్నిటికీ. ఒకటి పగిలిందంటే మిగతావి వరుసలో ఉన్నట్టే. పాత టంకం మీదే కొత్తది పూస్తే ఆరు నెలలకు మళ్లీ వస్తారు. కొత్త రిలే దొరికితే అదీ మంచిదే, కానీ పాతదాన్ని పారేయకుండా డాష్‌బోర్డు పెట్టెలో ఉంచుకోండి.

దోషి ఇగ్నైటర్ అయితే

ఇంజిన్ బాగా వేడెక్కాక, నడుస్తూ, ఠక్కున ఆగి, స్పార్క్ లేకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. లోపల నూనె ఉంటే షాఫ్టు సీలు పోయింది. ఎర్రటి తుప్పు పొడి ఉంటే బేరింగ్ పోతోంది, అది రోటర్‌ను, సెన్సర్లను తినేస్తుంది. ఇగ్నిషన్ కాయిల్‌లోని ప్రైమరీ చుట్ట నిరోధం ఒక ఓమ్ లోపు, సెకండరీ చుట్టది పదమూడు నుంచి పందొమ్మిది వేల ఓమ్‌ల ప్రాంతంలో ఉండడం ఈ తరహా కాయిల్స్‌లో మామూలు. మీ బండి అంకె సర్వీసు పుస్తకంలో చూసుకోండి. చల్లగా ఉన్నప్పుడు అంకె సరిగా వచ్చిందని వదలకండి, డ్రయ్యర్‌తో వేడిచేసి మళ్లీ కొలవండి. వేడి ఇగ్నైటర్‌ను మాత్రం మీటరు నమ్మకంగా పట్టలేదు. దానికి డ్రయ్యర్, మజ్జిగ ప్యాకెట్టు పరీక్షే గతి.

పెట్రోలు వైపు

ఇక్కడ చెప్పేది కొంచెమే. ప్రెషర్ గేజి పెట్టి, బలం తగ్గే క్షణంలో చూడాలి. ఇలాంటి ఇంజిన్లలో పెట్రోలు ఒత్తిడి మూడు బార్ల ప్రాంతంలో నిలకడగా ఉండాలి. ఆగిన వెంటనే ట్యాంకు మూత తీస్తే లోపలికి గాలి పీల్చుకునే చప్పుడు గట్టిగా వస్తే గాలిదారి మూసుకుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2001 నాటి రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. మెత్తబడ్డవి, పగుళ్లు వచ్చినవి ఏ పరీక్షా లేకుండానే మార్చేయండి. నెలల తరబడి నిలిపే బండి అయితే ఇథనాల్ తేమను లాగుతుందనీ గుర్తుంచుకోండి.

బాగైందని ఎప్పుడు అనాలి

ఒక్కసారికి ఒక్క వస్తువే మార్చాలి. ఒకేరోజు నాలుగు మారిస్తే ఏది మందో, ఏది దండగో తెలియదు. మార్చాక పాత పరిస్థితినే మళ్లీ సృష్టించాలి. నేను టంకం పెట్టించిన మరునాడు మధ్యాహ్నం రెండింటికి, హనుమకొండలో నీడలేని చోట చూసి, అద్దాలు బిగించి గంటసేపు నిలిపాను. అలా అయిదు రోజులు. మూడో రోజు ఒక పెద్దాయన వచ్చి, అటు చెట్టు నీడ ఖాళీగా ఉంది బాబూ అని చూపించాడు. వద్దండీ, ఎండలోనే ఉండాలి అంటే నన్ను ఒకలా చూసి వెళ్లిపోయాడు. అయిదు రోజులూ మొదటి తిప్పుకే లేచింది. తరువాతి ఆదివారం ఎండ నడినెత్తి మీద ఉండగా పాలంపేట వెళ్లి, రామప్ప గుడి బయట రెండు గంటలు నిలిపి, తిరిగి వచ్చాను.

బల్బులు రెండూ ఇప్పటికీ తీయలేదు. రాత్రిపూట ఎర్రది కళ్లలో పడుతుంటే దాని మీద నల్ల టేపు ముక్క అంటించాను.